నూట పన్నెండు కిలోల సామాను

మట్టపర్తి గనిరాజు కట్టిన విమానం బరువు నూట పన్నెండు కిలోలు. ఈ అంకె కాస్త గుర్తు పెట్టుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది. ఇందులో వచ్చే పెద్దమనుషులెవరూ దాన్ని గుర్తు పెట్టుకోలేదు, అందుకే వాళ్ళకలా జరిగింది.

గనిరాజుది గోదారి పాయల మధ్య తాబేళ్ళలంక. పడవ ఇంజిన్లు బాగుచేయడం అతని పని. చిన్నప్పుడు ఓసారి గోదారి పొంగి, లంకలో జనమంతా ఇళ్ళ కప్పులెక్కి కూర్చుంటే, హెలికాప్టర్ వచ్చి పులిహోర పొట్లాలు పడేసింది. అందరూ పొట్లాల కోసం చేతులు చాస్తే గనిరాజు మాత్రం నోరు తెరుచుకుని హెలికాప్టర్‌నే చూస్తూ ఉండిపోయాడు. పొట్లం వచ్చి నెత్తి మీద పడ్డా చూపు తిప్పలేదు. ఆనాటి నుంచీ అతనికి ఒకటే యావ. ఒక్కసారి, చాలు, ఒకే ఒక్కసారి పైనుంచి తన లంకను చూడాలి.

యాభై దాటాక గానీ తీరిక దొరకలేదు. నాలుగేళ్ళు కూర్చుని కట్టాడు. అల్యూమినియం గొట్టాలతో చట్రం, తనే తిరగదోడి బాగుచేసిన చిన్న ఇంజిన్, ఒక్కటే సీటు. రెక్కల గుడ్డ భార్య పెద్దింట్లు కుట్టింది, ఎక్కడ చూసినా మూడు వరసల కుట్టు. ప్రతి బోల్టుకీ నట్టు బిగించాక సన్నటి ఉక్కు తీగ మెలిపెట్టి కట్టాడు, ఇంజిన్ అదురుకు నట్టు ఊడకుండా. ఆఖర్న మొత్తాన్ని షెడ్డు దూలానికి తాడేసి వేలాడదీసి, తనే సీట్లో కూర్చుని చూసుకున్నాడు. ముక్కు కిందకు వాలకూడదు, తోక వాలకూడదు. బరువు ఎంతన్నది సగం సంగతి, ఎక్కడుందన్నది మిగతా సగం అని పడవలు నేర్పిన పాఠం.

ఎండాకాలం రెండు నెలలూ ఇసుకతిన్నె మీద దాన్ని అటూ ఇటూ పరిగెత్తించాడు. పెద్దింట్లు కూడా ఊరుకోలేదు, వారానికోసారి తనూ కూర్చుని పరిగెత్తించేది. చక్రాలు మాత్రం ఏనాడూ నేల వదల్లేదు. ఎందుకంటారా? అనుమతి లేదు. గనిరాజుకు మొసలన్నా భయం లేదు, వరదన్నా భయం లేదు. సంతకం, గుండ్రటి ముద్ర ఉన్న కాగితమంటే మాత్రం లేచి నిలబడతాడు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి ఆకాశం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. 'పల్లెకో రెక్క' అని పథకం పెట్టారు. పథకం పెట్టాక మండలి పెట్టాలి కదా, పెట్టారు. 'అత్యల్పభార విమాన ప్రోత్సాహక మరియు భద్రతా మండలి.' పేరు ఒక్క ఊపిరిలో చదవగలిగినవాళ్ళకే అందులో ఉద్యోగం అని లంకలో చెప్పుకున్నారు.

గనిరాజు విమానాన్ని పంటు మీదెక్కించి, గోదారి దాటించి, పట్నంలో మండలి ఆవరణకు చేర్చాడు. అక్కడ ఉపసంచాలకులు చిదంబరేశ్వరరావుగారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. వెనకాలే అసిస్టెంట్ ఇంజినీరు సువార్త, చేతిలో నిబంధనావళి పట్టుకుని, మొహంలో ఏ భావమూ లేకుండా నడిచింది.

"సదరు వాహనం బరువెంత?" అని ఉపసంచాలకులవారు అడిగారు.

"నూట పన్నెండండి, ఆయ్."

"భేష్. పరిమితి నూట యాభై. ఒక్క కిలో దాటినా మా పరిధి దాటిపోతుంది, ఫైలు ఢిల్లీ వెళ్తుంది. అది తిరిగొచ్చేసరికి మీ మనవడికి అరవై నిండుతాయి. అన్నట్టు మీ వయసెంత?"

"మార్చి పదికి అరవై నిండుతాయండి."

"అరవై నిండినవారు విమానం నడపరాదు. ఏడో నిబంధన." చిదంబరేశ్వరరావుగారు వేళ్ళు మడిచి చూసుకున్నారు. "ఇంకా ఎనిమిది నెలలుంది. పుష్కలం! ఎనిమిది నెలల్లో ప్రభుత్వం చేయలేనిదంటూ ఉందా?"

లేదని గనిరాజు మనస్ఫూర్తిగా నమ్మాడు.

మొదటి ఉత్తరం పదిహేను రోజుల్లోనే వచ్చింది. విమానం అన్ని విధాలా బాగుంది, ఒక్క లోపం తప్ప. శిలాఫలకం లేదు.

గనిరాజు మొదటి పంటుకే మండలికి పరుగెత్తాడు. "శిలాఫలకం ఏంటండీ బాబూ?"

"పథకం కింద వచ్చే ప్రతి నిర్మాణానికీ నల్లరాతి శిలాఫలకం తప్పనిసరి. ప్రముఖుల పేర్లు, హోదాలు, తేదీ. మూడడుగులు బై రెండడుగులు, అంగుళం మందం."

"అయ్యా, ఇది ఎగిరేదండి."

"బోరుబావికి పెట్టాం. బస్ షెల్టరుకి పెట్టాం. మరుగుదొడ్డికీ పెట్టాం. ఎవరూ కాదనలేదే!"

"అవి ఎగరవు కదండీ."

"సువార్తగారూ, నిబంధనలో 'ఎగరని నిర్మాణాలకు' అని ఎక్కడైనా ఉందా?"

సువార్త పేజీలు తిప్పింది. "లేదు సార్."

"రేకు మీద పెయింటుతో రాయించేద్దావండి," అని గనిరాజు బతిమాలాడు. "ఎంత అందంగా రాయిత్తానో చూడండి."

"రేపు వానొస్తే పేర్లు కారిపోతాయి. పై వారి పేరు కారిపోయిన మర్నాడే నేను ఏ ఏజెన్సీకో బదిలీ అవుతాను. శిల అంటే శిలే!"

రాయి వచ్చింది. తూస్తే ముప్పై ఎనిమిది కిలోలు. నూట పన్నెండూ ముప్పై ఎనిమిదీ నూట యాభై. చిదంబరేశ్వరరావుగారి కళ్ళు చెమర్చాయి. "చూశావా గనిరాజూ, దైవసంకల్పం! గ్రాము ఎక్కువ లేదు, గ్రాము తక్కువ లేదు." దైవసంకల్పం గనిరాజుకు అంత నచ్చలేదు గానీ, ఇంజిన్ కాస్త గట్టిగా తిప్పితే ఆ రాయితోనైనా లేస్తుందేమోనని మనసులో లెక్కేసుకున్నాడు. ఎలాగోలా ఒక్కసారి లేస్తే చాలు.

అంతలో మార్కెట్ కమిటీ ఛైర్మన్‌గారు అలిగారు. రాతి మీద ఆయన పేరు లేదు. పేరు లేని చోటికి మా మనుషులెవరూ రారు అని కబురంపారు. ఆయన పేరు చేర్చితే ఆయనకన్నా పై హోదా వాళ్ళు నలుగురు మిగిలిపోయారని తేలింది. ఆ నలుగుర్నీ చేర్చితే వాళ్ళకు సమాన హోదా వాళ్ళు ఇంకో ఆరుగురు. మొత్తం ఇరవై ఒక్క పేర్లయ్యాయి. నాలుగడుగులు బై మూడడుగుల రాయి చెక్కించారు. బరువు డెబ్భై ఆరు కిలోలు.

"సరిగ్గా ముప్పై ఎనిమిది కిలోలు ఎక్కువయ్యాయి," అన్నారు చిదంబరేశ్వరరావుగారు విమానాన్ని అటూ ఇటూ పరికిస్తూ. "ఇంజిన్ బరువెంత?"

గనిరాజు ఇంజిన్‌కి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ముప్పై ఎనిమిదండి."

"మళ్ళీ దైవసంకల్పం! తీసెయ్."

"ఇంజిన్ తీసేత్తే ఎలా ఎగురుతుందండీ?"

"ఎగరడం సంగతి ఎగిరేటప్పుడు చూసుకోవచ్చు. ముందు ప్రారంభోత్సవం కావాలి కదయ్యా! నిబంధనావళిలో శిలాఫలకం అన్న మాట తొమ్మిదిసార్లుంది. ఇంజిన్ అన్న మాట ఎన్నిసార్లుంది సువార్తగారూ?"

"అసలు ఆ మాటే లేదు సార్."

"విన్నావుగా! పైగా ఇంజిన్ అంటే పెట్రోలు, పెట్రోలంటే నిప్పు, నిప్పంటే ప్రమాదం. ఇది భద్రతకు కూడా మంచిది."

గనిరాజు ఆశ చావక రాయి వైపు చూసి అడిగాడు. "ఇరవై ఒక్క పేర్లున్నాయి కదండీ, మరి కట్టినోడి పేరు?"

"రూపకర్త పేరు చెక్కాలంటే ఐదడుగుల రాయి కావాలి. నీ విమానం బరువు గురించే కదయ్యా నా బాధంతా!"

ఆవరణలోంచి చీపురుపుల్ల బయటకు పోవాలన్నా గేట్ పాస్ ఉండాలి. సువార్త గేట్ పాస్ రాసింది. 'ఇంజిన్ ఒకటి, 38 కిలోలు. విమానమునకు సంబంధము లేని సామాను. యజమాని తన ఇష్టానుసారము వినియోగించుకొనవచ్చును.' ఉపసంచాలకులవారు చదవకుండానే సంతకం చేసి, గుండ్రటి ముద్ర కొట్టించారు.

గనిరాజు ఇంజిన్‌ని పంటు మీద ఇంటికి తెచ్చి షెడ్డులో ఓ మూల పడేసి, అన్నం కూడా తినకుండా కూర్చున్నాడు. పెద్దింట్లు గేట్ పాస్ చదివింది. ఇష్టానుసారము అన్నచోట ఆగి ఇంకోసారి చదివి, మడిచి సేమ్యా డబ్బాలో పెట్టింది.

తర్వాత వచ్చిన తంటా మీకు తోచే ఉంటుంది. రాయిని ఎక్కడ పెట్టాలి? ప్రముఖులకు కనబడేలా ముందు పెట్టాలి. ముందు పెట్టారు. విమానం దబ్బున ముక్కు మీద వాలి, తోక గాల్లోకి లేచింది.

"ఎగురుతోంది!" అని అటెండరు చప్పట్లు కొట్టాడు.

"బరువు ఎక్కడుందన్నది ముఖ్యమండి," గనిరాజు గోల పెట్టాడు. "రాయి వెనక్కి జరపండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

"శిలాఫలకానికి వీపు చూపించి కొబ్బరికాయ ఎవరైనా కొడతారా?" చిదంబరేశ్వరరావుగారు చెవులు మూసుకున్నారు. "ముందు బరువుంటే వెనక కూడా బరువు పెట్టాలి. నాకు మాత్రం సైన్సు తెలీదనుకున్నావా?"

తోక దగ్గర ఎర్ర బకెట్లు రెండు, నిండా ఇసుకతో వేలాడదీశారు. విమానం నిటారుగా నిలబడింది. అగ్నిమాపక నిబంధన కూడా దానంతటదే నెరవేరిందని మండలి హర్షం ప్రకటించింది. బకెట్లు ఇరవై ఆరు కిలోలు. ఆ మేరకు ఏదో ఒకటి తగ్గించాలి. రెక్కలు రెండూ కలిపి ఇరవై ఆరే.

"రెక్కలు తీయకండి సార్, దణ్ణం పెడతాను," అని గనిరాజు బావురుమన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి ఆఫీసు వరండాలో అలా ఏడుస్తుంటే సువార్త గోడ వైపు తిరిగి నిలబడింది.

"బాధపడకయ్యా," అని చిదంబరేశ్వరరావుగారు ఓదార్చారు. "అటు పధ్నాలుగడుగులు, ఇటు పధ్నాలుగడుగులు. షామియానా పట్టదు. వేదిక ఎక్కేవారి కంట్లో గుచ్చుకుంటే ఎవరిది జవాబుదారీ? రెక్కలు లేకపోయినా పథకం పేరులో రెక్క ఉంది కదా, చాలదూ!"

రెండో గేట్ పాస్. రెక్కలు రెండు, 26 కిలోలు, విమానమునకు సంబంధము లేని సామాను, ఇష్టానుసారము. సంతకం, ముద్ర.

జనవరిలో రాష్ట్రస్థాయి భద్రతా సంఘం దిగింది. ముగ్గురు సభ్యులు, ముగ్గురికీ తలా ఒక టార్చిలైటు, పట్టపగలు. అధ్యక్షులవారు విమానం కిందకి దూరి, పైకొచ్చి, మోకాళ్ళు దులుపుకుని ప్రశ్న వేశారు. "విమాన ప్రమాదాలు ఎక్కువగా ఎక్కడ జరుగుతున్నాయి?"

"గాల్లో అండి," అన్నాడు గనిరాజు.

"ఎవరికి జరుగుతున్నాయి?"

"లోపల కూర్చున్నోళ్ళకండి."

"అంటే మూలకారణం సీటు!" అధ్యక్షులవారు మిగతా ఇద్దరి వైపు గర్వంగా చూశారు. "సీటు లేకుంటే కూర్చునేవాడు లేడు. కూర్చునేవాడు లేకుంటే ప్రాణనష్టం లేదు. నడిపే కర్ర, బెల్టు, తోక కూడా అనవసరం. రాసుకోండి."

అవన్నీ కలిపి ఇరవై కిలోలు, మూడో గేట్ పాస్. ఆ ఖాళీలో శిలాఫలకానికి మీట నొక్కితే తెరుచుకునే తెర, దాని మోటారు, బ్యాటరీ బిగించారు. మీట మాత్రం చక్కగా పనిచేసింది. ప్రారంభోత్సవం మార్చి తొమ్మిదికి ఖాయమైంది. ముఖ్య అతిథిగారికి ఆ ఒక్కరోజే వీలు. మర్నాడే గనిరాజుకు అరవై.

ఇక మిగిలింది చట్రం గొట్టాలు, మూడు చక్రాలు, ఇరవై ఎనిమిది కిలోలు. మార్చి మొదటివారంలో వాటికీ మూడింది. తెర తెరుచుకున్నప్పుడల్లా చక్రాల మీద రాయి ఊగుతోంది. ముఖ్య అతిథి కాళ్ళ మీద పడితే? సిమెంటు దిమ్మె కట్టి రాయిని అందులో పాతేశారు. దిమ్మె భూమికి చెందుతుంది కాబట్టి విమానం బరువులోకి రాదని స్పష్టత తెప్పించుకున్నారు. ఆఖరి తూకం రాయి డెబ్భై ఆరు, బకెట్లు ఇరవై ఆరు, తెర సరంజామా ఇరవై, వెరసి నూట ఇరవై రెండు.

"పరిమితి కన్నా ఇరవై ఎనిమిది కిలోలు తక్కువ!" చిదంబరేశ్వరరావుగారు రాయిని ప్రేమగా నిమిరారు. "దేశంలో ఇంత సురక్షితమైన విమానం మరొకటి లేదు గనిరాజూ. నువ్వు ధన్యుడివి. పదకొండో వరసలో నీకు కుర్చీ వేయిస్తున్నాను."

నాలుగో గేట్ పాస్ చేతిలో పెట్టేటప్పుడు సువార్త మొదటిసారి తనంతట తాను మాట్లాడింది. "గనిరాజుగారూ, ఈ కాగితాలు జాగ్రత్తండి. నాలుగూ ఒకచోట పెట్టుకుని, తీరిగ్గా చదువుకోండి."

"చదవడానికేముందమ్మా, అంతా అయిపోయాక," అని గనిరాజు ఊడదీసిన గొట్టాలు భుజానేసుకుని పంటెక్కాడు.

ఇంటికొచ్చి గొట్టాలు షెడ్డులో పడేసి, వాకిట్లో కూలబడ్డాడు. "అయిపోయిందే. నాలుగు రోజులు పోతే అరవై. నా బతుక్కి ఈ లంకని పైనుంచి చూసే రాత లేదు."

పెద్దింట్లు చేపల కాటా తెచ్చి షెడ్డు గుమ్మంలో పెట్టింది. "ఏడ్చింది చాల్లే గానీ లే. ఓసారి అన్నీ కాటా ఎక్కించు."

"ఎందుకే?"

"ఎక్కించవయ్యా బాబూ!"

ఎక్కించాడు. ఇంజిన్ ముప్పై ఎనిమిది. రెక్కలు ఇరవై ఆరు. సీటు, కర్ర, బెల్టు, తోక ఇరవై. చట్రం, చక్రాలు ఇరవై ఎనిమిది. పెద్దింట్లు బొగ్గుముక్కతో గోడ మీద కూడి, కింద గీత గీసింది.

నూట పన్నెండు.

గనిరాజు గోడ వంక చూశాడు, మూలనున్న సామాను వంక చూశాడు, మళ్ళీ గోడ వంక చూశాడు. "ఒసే!" అన్నాడు.

"ఆళ్ళ విమానం ఆళ్ళ దగ్గరే ఉంది, దిమ్మె మీద," అంటూ పెద్దింట్లు సేమ్యా డబ్బాలోంచి కాగితాలు తీసింది. "ఇది విమానం కాదంట, సామానంట. ఇష్టానుసారం వాడుకోమన్నారు. సంతకం ఉంది. నీకు కావాల్సిన ముద్ర కూడా ఉంది, గుండ్రంగా. ఇంకేం కావాలయ్యా నీకు?"

గనిరాజు కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. నాలుగు రోజులు ఆ షెడ్డులో సుత్తి చప్పుడు ఆగలేదు. తొందరపడి ఒక్క నట్టు కూడా వదల్లేదు సుమండీ. ప్రతి బోల్టుకీ మళ్ళీ తీగ చుట్టాడు, అతను చుట్టిన ప్రతి తీగనూ పెద్దింట్లు లాగి చూసింది. రెండు లూజుగా ఉన్నాయని తిట్టి మళ్ళీ చుట్టించింది. దూలానికి వేలాడదీస్తే ముక్కు వాలలేదు, తోక వాలలేదు. శిలాఫలకం లేని విమానం ఎంత బుద్ధిగా ఉంటుందో అప్పుడు చూడాలి.

మార్చి తొమ్మిది పొద్దున గాలి నిలకడగా ఉంది. ఇసుకతిన్నె మీద వంద గజాలు పరిగెత్తగానే చక్రాల కింద చప్పుడు ఆగిపోయింది. ఏం ఊడిందోనని గనిరాజు భయపడి కిందకు చూశాడు. ఊడింది నేల.

చూశాడండీ తన లంకని! గోదారి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నట్టుంది. ఇంతేనా అనిపించేంత చిన్నది, ఇంత ఉందా అనిపించేంత పచ్చగా ఉంది. తన షెడ్డు, పడవలు, చివర్న నీలం చీరలో చెయ్యూపుతూ పెద్దింట్లు. గనిరాజు కళ్ళనీళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. అలాగే కారనిచ్చాడు.

పాయ దాటితే పట్నం. షామియానా కనబడింది. అక్కడ సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథిగారు మీట నొక్కారు. తెర చక్కగా పక్కకు జరిగింది, నల్లరాయి మీద ఇరవై ఒక్క పేర్లు తళతళలాడాయి. మైకులో చిదంబరేశ్వరరావుగారు, "ఎనిమిది నెలల్లో ఒక్క ప్రమాదం కూడా జరగని ఏకైక విమానం," అంటున్నారు. రాతి వైపు ఒక్కరూ చూడలేదు. షామియానా కింద ఉన్నవాళ్ళంతా బయటకు పరిగెత్తుకొచ్చి, తలలెత్తి, నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. గనిరాజుకు పులిహోర పొట్లాలు తేనందుకు కాస్త బాధేసింది.

పదకొండో తారీఖున సువార్త పంటు దిగి లంకకొచ్చింది. సంచిలో మెమో ఉంది. 'తేదీ తొమ్మిదిన సభాస్థలి పైభాగమున విమానేతర సామాను ఎగిరినట్లు తెలియవచ్చినది. మండలి రికార్డుల ప్రకారము విమానము ఆ సమయమున దిమ్మెపైనే ఉన్నది. కావున సదరు సామాను ఎగురుటకు గల కారణములు మూడు రోజులలో తెలుపవలెను.'

గనిరాజు లేచి నిలబడే చదివాడు. తర్వాత కూర్చుని జవాబు రాశాడు. 'అయ్యా, సామానును తమరి సంతకం ప్రకారం ఇష్టానుసారం వినియోగించుకున్నాను. నా ఇష్టం ఎగరడం. ఇట్లు, తమ విధేయుడు.'

సువార్త ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇంకోటండి. నిన్నటితో మీకు అరవై నిండాయి కాబట్టి ఇక మీదట మీరు విమానం నడపరాదని చెప్పి రమ్మన్నారు."

గనిరాజు మొహం చిన్నబోయింది. ఒక్కసారి చాలనుకున్నవాడికే, ఒకసారి చూశాక చాలలేదు. షెడ్డు వైపు చూసి, నెమ్మదిగా అడిగాడు. "అమ్మా, మరి సామాను నడపడానికి వయసు ఎంత దాకా అండి?"

సువార్త నిబంధనావళి తీసింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఓపిగ్గా తిప్పింది. మొహంలో మాత్రం ఏ భావమూ లేదు.

"అసలు ఆ మాటే లేదండి," అంది.

గనిరాజు ఒక్క గెంతులో షెడ్డు దగ్గరికి చేరాడు. అప్పటికే పెద్దింట్లు సీట్లో కూర్చుని, చెంగు నడుముకు దోపుకుని, బెల్టు బిగించుకుంటోంది.

"దిగవే, నే వెళ్ళాలి!"

"నువ్వు చూసొచ్చావుగా. ఇయ్యాళ నేను చూత్తాను," అంది పెద్దింట్లు. "నీకంటే తొమ్మిది కిలోలు తక్కువ నేను. ఆ ముందు బోల్టు తీగ ఇంకోసారి లాగి చూడు."

గనిరాజు వంగి తీగ లాగి చూశాడు. గట్టిగానే ఉంది.